ధర్మాబాద్ జనాభా: 2.74 టీఎంసీలు

మరాఠ్వాడాలోని ఏ చిన్న ఊరి గురించైనా భూగోళ పుస్తకాలు ఒకే ముక్క రాస్తాయి: ఫలానా జిల్లా, ఫలానా నది, మగవారు ఇంత, ఆడవారు ఇంత. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ విషయంలో ఇది అన్యాయం. అక్కడ ఏటా పద్ధతిగా లెక్క తేల్చేది నీళ్లకే. మనుషుల్ని 2011లో ఒకసారి లెక్కపెట్టి వదిలేశారు.

ముందు ఊరెక్కడుందో చూద్దాం. బాసరలో పిల్లాడికి అక్షరాభ్యాసం చేయించి, పొరపాటున మన్మాడ్ వైపు రైలెక్కారనుకోండి. తర్వాతి ఊరి దుకాణాల బోర్డులు మరాఠీలో కనిపిస్తాయి. పిల్లాడు గంట కిందట నేర్చుకున్న అక్షరాలకు అప్పుడే కాలం చెల్లిపోతుంది. మధ్యలో గోదావరి కూడా దాటక్కర్లేదు. ఉన్నదల్లా ఒక గీత. ఆ గీత 1956 నవంబర్ 1న పడింది. అంతకుముందు రెండు ఊళ్లూ హైదరాబాద్ రాష్ట్రంలోవే. నిజాం కాలంలో అక్కడ పుట్టినవాళ్లు ఇల్లు కదలకుండానే హైదరాబాద్, బొంబాయి, మహారాష్ట్ర అని మూడు రాష్ట్రాల్లో కాపురం చేశారు. జనగణనలో వలసల పట్టిక ఉంది గానీ, ఊరే వలసపోతే రాయడానికి గడి లేదు.

ఇక నీళ్లు. ధర్మాబాద్ తాలూకాలో, సరిహద్దుకు ఏడు కిలోమీటర్ల ఎగువన బాభళి బరాజ్ ఉంది. మనవాళ్లు బాబ్లీ అంటారు. గేట్లు 14, నిల్వ 2.74 టీఎంసీలు. విశేషమేమిటంటే అది మన పోచంపాడు (శ్రీరాంసాగర్) ప్రాజెక్టు ముంపు ప్రాంతంలోనే ఉంది. అంటే బిందెలో చెంబు పెట్టి, చెంబులో నీళ్లు నావి, బిందెలో నీళ్లు నీవి అన్నట్టు. ఈ చెంబు తగువు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పొచ్చింది: జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి. పర్యవేక్షణకు ముగ్గురు సభ్యుల కమిటీ. గేట్లెత్తే రోజున రెండు రాష్ట్రాల ఇంజినీర్లు, కేంద్ర జలసంఘం వాళ్లు వచ్చి నిలబడతారు. మన ఇళ్లలో పెళ్లిళ్లకు కూడా రెండు వైపులవాళ్లూ ఇంత వేళకు రారు.

జనాభా విషయానికొస్తే, ఆ ఊరు ఉన్నట్టుండి పెరిగింది 2010 జులైలో. బాబ్లీ చూస్తామని బయల్దేరిన చంద్రబాబునాయుడిని, ఆయన వెంట ఉన్న ఎమ్మెల్యేలను అరెస్టు చేసి ధర్మాబాద్ ఐటీఐలో ఉంచారు. ఒక మాజీ ముఖ్యమంత్రి, లెక్కకు మించిన ఎమ్మెల్యేలు! తలసరి శాసనసభ్యుల లెక్కన ఆ నాలుగు రోజులు ఆ ఊరికి ముంబయి కూడా సాటి రాదు. అయితే జనగణన సిబ్బంది తలుపు తట్టింది 2011 ఫిబ్రవరిలో. ఏడు నెలలు ముందొస్తే ఊరి ముఖచిత్రం వేరుగా ఉండేది. తర్వాత 2018లో అక్కడి కోర్టు ఆ కేసులోనే వారెంటు ఇచ్చింది. తెలుగు టీవీలు రెండోసారి ఊరి పేరు నేర్చుకున్నాయి.

అసలు ఊరు పట్టణం అవునా కాదా తేల్చడానికి జనగణన దగ్గర ఒక కొలత ఉంది. పనిచేసే మగవారిలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పని చేస్తూ ఉండాలి. ఆడవాళ్లు ఏం చేసినా పట్టణానికి సంబంధం లేదు. ధర్మాబాద్ మిర్చికి పేరున్న మార్కెట్. మిరపకాయలకు తొడిమలు తీసి చేతులు మండించుకునే ఆడవాళ్లు ఈ లెక్కలో రాకపోయినా, పురపాలక సంఘం ఉంది కాబట్టి పట్టణ హోదాకు ఢోకా లేదు.

భాష దగ్గర మరో చిక్కు. మాతృభాష ఒకటి, వచ్చిన భాషలు రెండు, అంతవరకే రాస్తారు. అక్కడ కొట్టు పెట్టుకున్నవాడికి మరాఠీ, తెలుగు, ఉర్దూ, హిందీ నాలుగూ రావాలి. బేరానికి నాలుగు, ప్రభుత్వానికి మూడు. నాలుగోది నల్లధనం కింద వస్తుందేమో, నాకు తెలిసినంతలో ఇంకా దాడులైతే జరగలేదు.

కొన్నేళ్ల కిందట ఆ తాలూకా సరిహద్దు గ్రామాలవాళ్లు మమ్మల్ని తెలంగాణలో కలపండని అడిగారు. రైతుబంధు, 24 గంటల కరెంటు గీతకు అవతల కనిపిస్తుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? నీళ్లు వెళ్లగా లేనిది మేం వెళ్తే తప్పా అన్నది వాళ్ల బాధ. మధ్యేమార్గంగా నాదొక ప్రతిపాదన: జనాన్ని కూడా జులై 1 నుంచి 120 రోజులు తెలంగాణలో ఉంచి, అక్టోబర్ 28 రాత్రి గేట్లు దించేయాలి. పింఛన్ల సంగతి ముగ్గురు సభ్యుల కమిటీ చూసుకుంటుంది.

వాయిదాలు పడ్డ జనగణనకు ఇప్పుడు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. బాబ్లీ నుంచి 0.6 టీఎంసీలు వదిలే తేదీ కూడా మార్చి 1. ఒకే పొద్దున ఒకరు నీళ్ల లెక్కకు, ఇంకొకరు మనుషుల లెక్కకు బయల్దేరి, దారిలో టీకొట్టు దగ్గర కాగితాలు తారుమారయ్యాయనుకోండి. బరాజ్ మీద నిలబడి టీచరుగారు గోదావరికి ఫారం నింపుతారు. పుట్టిన ఊరు: త్ర్యంబకేశ్వర్. మాతృభాష: మరాఠీ. వచ్చిన ఇతర భాష: తెలుగు. పనిచేసే చోటు: పోచంపాడు. వలసకు కారణం దగ్గర ఆగి, ఉద్యోగమా, చదువా, పెళ్లా అని కాసేపు నీళ్లవైపు చూసి, 'ఇతరములు' అని టిక్కు పెడతారు.