ఒక్క గంటలో మూడొందల మందికి ఫోన్ మాన్పించే విధానం

ఫోన్ అలవాటు మాన్పించే కౌన్సెలింగ్ బడిలో పెట్టాలని తీర్మానం అయ్యాక హెడ్మాస్టరు గారు మొదట చూసుకోవాల్సింది పిల్లల్ని కాదు, ఫ్లెక్సీని. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు చాలు. పైన ముఖ్య అతిథి, ఆ కింద గౌరవ అతిథులు, అడుగున పైసలిచ్చిన దాత. ఫోన్ మీద ఎర్రగీత కొట్టిన బొమ్మ ఒకటి ఎక్కడన్నా ఇరికించవచ్చు. మనసు బాగోలేనివాళ్లకు సర్కారు పెట్టిన టెలిమానస్ నంబరు 14416 కూడా వేయిద్దామని ఎవరైనా టీచరమ్మ అడిగితే విన్నట్టే విని మరిచిపోవాలి. 2022 అక్టోబరులో మొదలైన ఆ హెల్ప్‌లైన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా తీసుకోదు, తెలుగులో మాట్లాడుతుంది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఆ అయిదంకెలు వేస్తే దాత గారి నమస్కారంలో ఒక చెయ్యి తెగుతుంది.

ఇక కౌన్సెలర్. సైకాలజీ చదివినవాళ్లు ఎక్కడ దొరుకుతారని దిగులుపడక్కర్లేదు. పీఈటీ సారు ఉన్నారు, ఆయన దగ్గర విజిలుంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఈ జబ్బుకని 2014 నుంచి ఒక క్లినిక్కే నడుస్తోంది. అక్కడిలా ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడదామంటే మనకు గదేదీ? ఉన్న ఒక్క గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలున్నాయి. కాబట్టి గ్రౌండే గతి. ఎస్సై గారిని కూడా పిలవాలి. సైబర్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ కొట్టాలని ఆయన చెప్పేది నిజంగా పనికొచ్చే మాట గనుక దాన్ని లంచ్ బెల్ మోగే సమయానికి సర్దాలి. అంతకు ముందరి యాభై నిమిషాలూ "మా కాలంల బావిల ఈత కొడుతుంటిమి, గోలీలాడుతుంటిమి" అనే అంశానికి కేటాయించాలి. ఆ బావి ఇప్పుడు ఎక్కడుందని, గోలీలాడిన జాగాలో వెంచరు రాళ్లు పాతిందెవరని పిల్లలు అడగకుండా చూసుకునే బాధ్యత క్లాస్ టీచర్లది.

డోసు సంగతి ముఖ్యం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన జిల్లా మనది. ఆ నీళ్లను బాగుచేయడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు కనిపెట్టిన పద్ధతి దేశదేశాల పుస్తకాల్లో 'నల్గొండ టెక్నిక్' పేరుతోనే ఉంది. సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి, బాగా తిప్పి, తేరనిచ్చి, పైనీళ్లు వడగట్టాలి. కిటుకంతా పటిక ఎంత వేయాలన్న దగ్గరుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారగుణం ఎంత అని పరీక్ష చేశాకే లెక్క తేలుతుంది. ఊరికో లెక్క, బోరుకో లెక్క. అన్ని కుండల్లో ఒకే పిడికెడు వేస్తే ఒకదాంట్లో ఫ్లోరైడ్ అట్లాగే ఉంటుంది, ఇంకోదాంట్లో అల్యూమినియం మిగులుతుంది. నీళ్లకైతే ఇంత చాదస్తం తప్పదు. పిల్లలకు అక్కర్లేదు. ఆరో తరగతి నుంచి పది దాకా మూడొందల మందికీ ఒకటే పిడికెడు.

గిట్టనివాళ్లు కొందరు పిల్లలకూ ముందు పరీక్ష చేయాలంటారు. వారం రోజులు నోటుబుక్కులో నాలుగు గళ్లు నింపించాలట: ఫోన్ ఎన్నింటికి పట్టుకున్నావు, సరిగ్గా అంతకు ముందు ఏం జరిగింది, ఏ యాప్ తెరిచావు, కింద పెట్టేసరికి ఎన్నయింది. తిట్టకూడదట, మార్కులు వేయకూడదట. ఇందులోని ప్రమాదం పైకి కనపడదు. ఆ రెండో గడిని పిల్లలు నిజంగా నింపారంటే కొంప మునుగుతుంది. ఒకమ్మాయి ఇంట్లో కొట్లాటలకు నిద్రపట్టక రీల్స్ చూస్తోందని బయటపడుతుంది. ఒక పిలగాడు లెక్కలు తెలవక, హోంవర్కు ముందు కూర్చోలేక ఫోన్ పట్టుకుంటున్నాడని తేలుతుంది. అమ్మానాయిన బొంబాయి పనికి పోతే నాయనమ్మ దగ్గరున్న ఇంకొకడికి రాత్రి తొమ్మిదింటి వీడియో కాలే ఇల్లు. ఫొటో బయటపెడతానని ఎవడో బెదిరిస్తుంటే భయంతో నిమిషానికోసారి ఫోన్ చూసుకునే పిల్ల కూడా ఉండవచ్చు. అప్పుడు మెసేజీలు చెరపకుండా సాక్ష్యంగా దాచాలి, తల్లిని పిలవాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి. ఇదంతా పని. ఉపన్యాసంలో ఇంత పని లేదు.

స్ట్రీక్ అనే మాట స్టాఫ్‌రూములో ఎవరికీ తెలియకపోవడమూ మన మంచికే. స్నాప్‌చాట్‌లో ఇద్దరు స్నేహితులు ఇరవై నాలుగు గంటలు దాటనివ్వకుండా ఒకరికొకరు ఫొటోనో వీడియోనో పంపుకుంటూ పోతే పేరు పక్కన నిప్పు బొమ్మ, రోజుల లెక్క పడతాయి. గడువు దగ్గరపడితే ఇసుక గడియారం కనపడుతుంది. దాటితే లెక్క పోయినట్టే. 212 రోజుల లెక్క పోగేసిన పిల్ల ఫోన్‌ను సోమవారం క్రమశిక్షణ కింద బీరువాలో పెట్టామనుకోండి. ఆ మధ్యాహ్నమే పాస్‌వర్డ్ చీటీ మీద రాసి, లెక్క తెగకుండా చూడమని ఫోనున్న స్నేహితురాలికి ఇస్తుంది. బుధవారానికి ఆ అకౌంట్ ముగ్గురి చేతుల్లో ఉంటుంది. శుక్రవారం ఆ పేరుతో ఎవరికో ఏదో మెసేజ్ పోతుంది. శనివారం దాని మీద ఇంకో కౌన్సెలింగ్ పెట్టుకోవచ్చు. ఫోన్ గుంజుకోకుండా ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి, వాళ్లే ఒక రోజు అనుకొని వాళ్ల చేతులతోనే లెక్క తెంపుకునేటట్టు ఒప్పించే సారు ఒకాయన ఉండేవాడే గానీ, ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయింది.

తల్లిదండ్రుల మీటింగులో సెట్టింగులు చూపించాలి. ఫోన్ సెట్టింగుల్లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో అరగంట యాప్ టైమర్ పెడితే, సమయం కాగానే ఇన్‌స్టాగ్రామ్ గుర్తు బూడిదరంగుకు తిరిగి ఆగిపోతుంది. అదే ఇన్‌స్టాగ్రామ్‌ను క్రోమ్‌లో తెరిస్తే ఆ యాప్ టైమర్‌కు పట్టదని, పెట్టిన చోటే టైమర్‌ను తీసేయవచ్చని మాత్రం చెప్పకూడదు. పిల్లలకు ముందే తెలుసు. తండ్రులకు తెలిస్తే ఊరికే బాధపడతారు. ఇంతకన్నా గట్టిది గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్. తండ్రి తన ఫోన్ నుంచే కొడుకు ఫోన్‌కు గంటలు పెట్టవచ్చు, రాత్రికి తాళం వేయవచ్చు. దానికి తండ్రికి జీమెయిల్ కావాలి. ఆ జీమెయిల్ తెరిచింది ఎవరు? కొడుకు. పాస్‌వర్డ్ ఎవరికి యాదికుంది? కొడుక్కే. అంటే తండ్రి కుర్చీలో కొడుకే కూర్చొని తనకు తాను రోజుకు ఆరు గంటలు మంజూరు చేసుకుంటాడు. ఇంత స్వపరిపాలన మన గ్రామపంచాయతీలకు కూడా లేదు.

ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు 2025 ఫిబ్రవరిలో మన దేశానికీ టీన్ అకౌంట్లు తెచ్చారు. పద్దెనిమిది నిండనివాళ్ల అకౌంట్ దానంతట అదే ప్రైవేట్ అవుతుంది, రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు మోగవు, గంట దాటితే ఇక చాలించమని గుర్తుచేస్తుంది. పదహారు లోపువాళ్లు వీటిని సడలించుకోవాలంటే పెద్దల అనుమతి కావాలి. ఇంత కోట కట్టి దాన్ని పుట్టినతేదీ అనే ఒక్క మేకుకు తగిలించారు. మన తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో చాలామంది ఇన్‌స్టాగ్రామ్ ప్రకారం 1990కి ముందు పుట్టినవాళ్లు. ఆ లెక్కన వాళ్లకు కౌన్సెలింగ్ కాదు, ఓటర్ స్లిప్పులు పంచాలి.

నిషేధిస్తే సరిపోతుందనేవాళ్ల మాటా కాదనలేం. టిక్‌టాక్ 2020 జూన్‌లో పోతే జూలైకల్లా రీల్స్ వచ్చింది. ఫ్రీ ఫైర్ ఆట 2022 ఫిబ్రవరిలో పోతే ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. భారత ప్రభుత్వం వల్ల కానిది పీఈటీ సారు విజిల్ వల్ల అవుతుంది. హాస్టళ్లలో అయిందిగా: గేటు దగ్గర ఫోన్లు అప్పజెప్పమంటే అందరూ బుద్ధిగా అప్పజెప్పారు. అందులో చార్జింగ్ ఎక్కేవి ఎన్నని వార్డెన్ ఇప్పటిదాకా చూడలేదు.

పాలమూరు పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు ఏం చేశారో కూడా కొందరు ఉదాహరణగా తెస్తారు. కాండానికి రంధ్రాలు చేసి మందు ఎక్కిస్తే బయటికి కారిపోయింది. అప్పుడు 2018లో సెలైన్ సీసాలు వందల కొద్దీ వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు, బరువు కొమ్మలకు కింద ఆసరాలు కట్టారు, చెట్టు నిలబడింది. పిల్లలకూ వారానికి పదిహేను నిమిషాల చొప్పున, ఒకసారికి ఒక్క మార్పే చేయించాలని వీళ్ల వాదన. ఈ వారం చార్జర్ పడకగదిలోంచి వంటింట్లోకి పోవాలి. పొద్దున అలారానికి ఫోన్ కావాలంటారు గనుక రెండొందల లోపు గడియారం ఒకటి కొనివ్వాలి, లేకుంటే మూడో రాత్రికి ఫోన్ మళ్లీ దిండు కిందికి చేరుతుంది. అది కుదిరాక నోటిఫికేషన్లు. మధ్యలో జారితే తిట్టకుండా మళ్లీ మొదలుపెట్టాలి. వినడానికి బాగానే ఉంది గానీ ఆ చెట్టుకు ఏడొందల ఏండ్ల ఓపిక ఉంది. మనకు మార్చిలో పదో తరగతి పరీక్షలున్నాయి.

ఇంట్లోవాళ్లూ మారాలన్న గోల ఇంకొకటి. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని ఒక ఊళ్లో 2022 నుంచి సాయంత్రం ఏడింటికి సైరన్ మోగుతుంది. ఎనిమిదిన్నర దాకా చిన్నాపెద్దా టీవీలు, ఫోన్లు పక్కన పెడతారు. మన ఊళ్లో అట్లాంటి సైరన్ మోగితే మొదట దొరికేది పిల్లలు కాదు. మంచంలో పడుకొని, సౌండ్ నిండా పెట్టి షార్ట్స్ చూసే నాయిన దొరుకుతాడు. "వానికి చెప్పుండ్రి సారూ, నా మాట ఇంటలేడు" అని మీటింగుకు వచ్చి చెప్పేదీ ఆయనే. అడిగితే ఆయన తప్పేం లేదు. కరోనాకు బళ్లు మూతపడ్డప్పుడు, 2020 సెప్టెంబర్ 1 నుంచి పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో వస్తాయని, హోంవర్కు వాట్సాప్‌లో పంపమని బడివాళ్లే చెబితే, అప్పుజేసి ఫోన్ కొన్నది ఆయన.

ఆఖరున ప్రతిజ్ఞ. కుడిచేయి ముందుకు చాపి "నేను ఫోన్ ముట్టను" అని మూడొందల మంది ఒక్కసారి అనాలి. అప్పుడే ఫొటో తీయాలి, ఎందుకంటే చేతులు దించాక ఫ్లెక్సీ కనపడదు. ఫొటోలు సాయంత్రంలోగా గ్రూపులో పడాలి. ఫీడ్‌బ్యాక్ కోసం గూగుల్ ఫారం లింకు రాత్రి తొమ్మిదిన్నరకు పంపాలి. పిల్లలు తమ ఫోన్లలోనే నింపాలి. పది లోపల నింపనివాళ్ల పేర్లు మర్నాడు ప్రార్థనలో చదవాలి.