ఫ్లాష్ పవర్ ఎంతుండాలో తమంతట తామే తేల్చే మహారాజశ్రీ టీటీఎల్ (త్రూ ద లెన్స్) గారి సముఖమునకు

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇక్కడ కుశలమేమీ లేదు. మధ్యాహ్నమంతా మీ పుణ్యమా అని గంగలో కలిసింది. అదే మనిషి, అదే కుర్చీ, అదే ఫ్లాష్ గొడుగు. స్టాండు అంగుళం కూడా కదల్లేదు. అయినా ఒక ఫ్రేములో నుదురు తెల్లగా మాడిపోయింది, పక్క ఫ్రేములో కళ్లెక్కడున్నాయో వెతుక్కోవాలి. మధ్యలో మారిందల్లా ఒక్కటే: ఆయన నల్ల కోటు విప్పి తెల్ల చొక్కాతో కూర్చున్నారు.

తమరి పనితనం మాకు తెలియనిది కాదు. షట్టర్ నొక్కగానే అసలు మెరుపుకి ముందు చిన్న మెరుపు ఒకటి వదులుతారు. అది ఎదుటివాళ్ల మీద పడి లెన్సులోంచి తిరిగొస్తే, ఆ వెలుగు కొలిచి పవర్ ఎంతో తేలుస్తారు. బాగానే ఉంది. కానీ తమరి లెక్కలో లోకమంతా బూడిదరంగే. తెల్ల చొక్కా కనబడితే వెలుగు ఎక్కువైందని పవర్ కోసేస్తారు, ముఖం చీకటి. నల్ల కోటు కనబడితే చాల్లేదని గుమ్మరిస్తారు, ముఖం సున్నం. కళ్లజోడు అద్దంలో ఓ మెరుపుచుక్క తగిలిందా, దాన్ని చూసి బెదిరిపోయి మొత్తం తగ్గించేస్తారు. ముఖం మీద ఫోకస్ పెట్టి కెమెరాను కాస్త పక్కకు జరిపినా చాలు, తీర్పు మారిపోతుంది. పైగా ఆ ముందు మెరుపుకే కొందరు కళ్లు మూసేసుకుంటారు, అది వేరే దండుగ.

తమరి తీర్పును కాస్త పెంచే, తగ్గించే కాంపెన్సేషన్ ఉందిగా, తెల్లదానికి ప్లస్ 1, నల్లదానికి మైనస్ 1 పెట్టుకోండి అంటారు. అంటే తమరు ఏ తప్పు చేయబోతున్నారో, ఎంత చేయబోతున్నారో ముందే ఊహించి, దానికి విరుగుడు అంకె మేం పెట్టాలన్నమాట. అంత తెలిసినవాళ్లం పవరే పెట్టుకోమా?

కెమెరా నెత్తిన లేచే పాపప్ ఫ్లాష్‌తో పక్కనున్న ఫ్లాష్‌ను పేల్చుకునేవాళ్ల గోడు మరీ దారుణం. ఆ ఫ్లాష్ ఎస్1లో, అంటే మొదట కనబడిన మెరుపుకే పేలే మోడ్‌లో ఉంటే తమరి ముందు మెరుపుకే పేలిపోతుంది. గదంతా వెలుగుతుంది, అందరూ చూస్తారు, ఫొటోలో మాత్రం ఉండదు. ముందు మెరుపును పట్టించుకోని ఎస్2కి మార్చాలని, లేదా పాపప్‌ను మాన్యువల్‌లో పెట్టాలని ఎవరో ఒకరు చెప్పేదాకా పాపం ఫ్లాష్‌ను, బ్యాటరీలను, చివరికి జాతకాన్ని తిట్టుకుంటూ కూర్చోవాలి.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. నేర్చుకునేవాడి తప్పును నువ్వు కప్పేస్తావు. అవును, నువ్వే. మర్యాదలు ఇక చాలు.

లెన్సు కన్నాన్ని, అదే ఎపర్చర్‌ను, ఎఫ్/8 నుంచి ఎఫ్/4కి తెరిస్తే ఫ్లాష్ వెలుగు రెండు స్టాపులు, అంటే నాలుగింతలు పెరగాలి. నువ్వు చాటుగా పవర్ తగ్గించి ఫొటోను మునుపటిలాగే చూపిస్తావు. ఎపర్చర్‌కీ ఫ్లాష్‌కీ సంబంధమే లేదనుకుంటాడు వాడు. స్టాండును మీటరు నుంచి రెండు మీటర్లకు జరిపితే ముఖం మీద వెలుగు నాలుగో వంతుకు పడిపోవాలి. ఆ లోటూ నువ్వే పూడుస్తావు. ముఖం మాత్రం మారదు, వెనక గోడ ఉన్నట్టుండి తెల్లబడుతుంది. ఎందుకో వాడికి అర్థమై చావదు. షట్టర్ వేగం సెకనులో 1/200 వంతు దాటిస్తే ఫ్రేములో నల్ల పట్టీ వేసే కెమెరా నీకంటే వెయ్యి రెట్లు నయం, తప్పు చేశావని ముఖం మీదే చెబుతుంది.

మాన్యువల్‌లో ఏముంది? ఐఎస్ఓ 100, షట్టర్ 1/200, ఎఫ్/5.6. ముందు ఫ్లాష్ ఆపేసి ఒక ఫ్రేము తీయాలి. నల్లగా రావాలి. రాలేదంటే గదిలో లైటు చొరబడుతున్నట్టే, దాని పసుపు చర్మం మీదికి ఎక్కుతుంది. అప్పుడు ఫ్లాష్ పూర్తి పవర్‌లో 1/16 వంతు మీద, గొడుగు ముఖానికి మీటరు దూరంలో, 45 డిగ్రీలు పక్కకు, కళ్లకంటే ఎత్తులో. చాలకపోతే 1/8, ఎక్కువైతే 1/32, మెట్టుకు ఒక స్టాపు. గొడుగును రెండు మీటర్లకు జరిపావా, 1/16ను 1/4 చేసుకోవాలి. కళ్లజోడులో గొడుగు కనబడితే స్టాండు ఇంకాస్త పైకి లేపు, లేదా గడ్డం కొద్దిగా దించమను. నీడవైపు మరీ నల్లగా ఉంటే చెంపకు దగ్గరగా తెల్ల థర్మోకోల్ అట్ట పెట్టు. కోటు వేసుకున్నా విప్పినా 1/16 అంటే 1/16యే. ఒకటి మారిస్తే ఒకటే మారుతుంది. ఇంత చిన్న సంగతి నేర్చుకోనివ్వకుండా ఇన్నాళ్లూ అడ్డంపడి, పైగా నీ పేరు ఆటోమేటిక్!

న్యాయంగా చెప్పాలంటే, పిల్లాడు లైటు దగ్గరికీ దూరానికీ పరుగులు తీస్తుంటే నీ అవసరం ఉంది. అడుగడుక్కీ 1/16, 1/8 అని డయల్ తిప్పుతూ కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు. అక్కడ నీకు దణ్ణం. కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషి దగ్గర నీకేం పని?

ఫ్లాష్‌ను దూరం నుంచి పేల్చే కొన్ని ట్రిగ్గర్లలో నీ కొలతను మాన్యువల్ అంకెగా మార్చే మీట ఉంటుంది. కావాలంటే మొదటి షాట్ నువ్వే కొట్టు. అంకె అప్పగించు. ఆ తర్వాత ఆ మూల కూర్చో.

ఇట్లు,
మాన్యువల్ (ఎం) మోడ్‌కి మారినవాడు