మూతబడిన షాపుల జాబితా అడగండి

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక షట్టరు ఉంది. నాలుగేళ్లలో దానికి మూడు బోర్డులు మారాయి. మొదట టీ, తర్వాత బర్గర్, ఆ తర్వాత వాఫిల్. ఇప్పుడు మళ్లీ 'టు లెట్'. మూడుసార్లూ లోపల పని చేసిన కార్పెంటర్ ఒక్కడే. బిగించడానికీ అతనే, విప్పడానికీ అతనే. "పాత ప్లైవుడ్డుకు ఏం రేటు వస్తుంది?" అని అడిగితే నవ్వాడు. "ఏం రేటు సామీ, ఆటో బాడుగకు సరిపోతే గొప్ప" అన్నాడు. పన్నెండు లక్షలు పోసి చేయించిన ఇంటీరియర్ గురించి ఆ మాట.

పోయిన నెల మా వీధి కుర్రాడొకడు ఫైలు పట్టుకొని మా ఇంటికి వచ్చినప్పుడు నాకు ఆ షట్టరే కళ్ల ముందు ఆడింది. బెంగళూరులో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, చాలించుకొని వచ్చేశాడు. వాళ్ల నాన్న రిటైర్మెంట్ డబ్బు, తన పొదుపు, మిగతాది బ్యాంకు లోను. ఏదో చికెన్ బ్రాండ్ ఫ్రాంచైజీ, అంటే డబ్బు కట్టి వాళ్ల పేరుతో షాపు పెట్టుకోవడం. ఫీజు అయిదు లక్షలు, ఇంటీరియరూ మెషీన్లూ కలిస్తే పాతిక దాటుతుంది. పద్దెనిమిది నెలల్లో పెట్టుబడి వాపసు అని రంగుల కాగితం మీద అచ్చు వేసి ఇచ్చారు. నేను నసుగుతుంటే వాడు ఒకటే మాట అన్నాడు: "తిరుపతిలో జనానికేం తక్కువన్నా?"

ఈ ఊళ్లో ఎంతమందిని ముంచిందో లెక్క లేని మాట అది.

రోజుకు 60 వేల నుంచి 80 వేల మంది దర్శనం చేసుకుంటారు, నిజమే. వాళ్లు ఎక్కడ తింటున్నారో ఎప్పుడైనా గమనించారా? రైలు దిగితే ఎదురుగా విష్ణునివాసం, బస్సు దిగితే ఎదురుగా శ్రీనివాసం, రెండూ టీటీడీ వసతి గృహాలే. అక్కడి నుంచి నేరుగా కొండకు. పైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం ఉచితం. దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్లలో కూర్చున్నవాళ్లకు పాలు, అన్నప్రసాదం కూడా ఉచితమే. దర్శనం అయ్యేదాకా ఏమీ ముట్టనివాళ్లు కొందరు. అయ్యాక లడ్డూ సంచి చేతికి రాగానే రైలు టైము చూసుకునేవాళ్లే ఎక్కువ. చెన్నై నుంచి వచ్చినాయన తన వీధి చివర దొరికే బ్రాండ్ చికెన్ కోసం ఇక్కడ పని మానుకొని ఆగుతాడా?

అందులోనూ చికెన్. కొండ మీద మాంసం నిషేధం. కొండకు వెళ్లబోయేవాళ్లు కిందా ముట్టరు. తమిళుల పెరటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరు మధ్య) వచ్చిందంటే తమిళ భక్తులే కాదు, మన జిల్లాలో సగం ఇళ్లలో నీసు బంద్. విచిత్రం ఏమిటంటే, ఊరు కిక్కిరిసిపోయే బ్రహ్మోత్సవాలు చాలావరకు పడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే రోడ్డు మీద కాలు పెట్టే సందు లేనప్పుడే చికెన్ షాపు ఈగలు తోలుకుంటుంది. తర్వాత కార్తీకం, ఆ వెనకే ధనుర్మాసం. గురుగ్రామ్‌లో కంపెనీ ఆఫీసులో కూర్చొని ఎక్సెల్ షీటు తయారు చేసినాయనకు పెరటాసి అంటే ఏమిటో తెలియదు. ఆయన కాగితంలో పన్నెండు నెలలూ ఒకటే నెల.

తిరుపతిలో ఏ తిండి షాపు నిలబడినా నిలబెట్టింది యాత్రికుడు కాదు. యూనివర్సిటీ పిల్లలు, స్విమ్స్, రుయా ఆసుపత్రుల్లో రోగుల వెంట వచ్చినవాళ్లు, బాలాజీ కాలనీ ఉద్యోగులు, కరకంబాడి వైపు ఫ్యాక్టరీలకు షిఫ్టులకెళ్లేవాళ్లు. వీళ్లు మళ్లీ మళ్లీ వస్తారు. అయితే చేతిలో డబ్బు చూసుకొని వస్తారు. నెల మొదటి పదిరోజుల అమ్మకం చూసి మురిసిపోయిన వాళ్లందరినీ ఇరవయ్యో తేదీ తర్వాత చూడాలి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఊహించిన లెక్కే, కానీ ఇందులో ఒక్క అంకె కూడా మరీ అన్యాయమైనది కాదు. నెలకు ఆరు లక్షల అమ్మకం అనుకోండి. ముడిసరుకు నలభై శాతం, అంటే 2,40,000. షాపు బాడుగ 80,000. ఎనిమిది మంది పనివాళ్లకు తలా 14,000 చొప్పున 1,12,000. కరెంటు 35,000. డెలివరీ యాప్‌ల ద్వారా లక్షన్నర అమ్మితే, పాతిక శాతం కమీషన్ కింద 37,500. గ్యాసు, ప్యాకింగు, రిపేర్లు, పారబోసిన సరుకు 25,000. ఇక్కడికి మిగిలేది 70,500. ఏదో బండి నడుస్తుంది కదా అనిపిస్తుంది. ఇప్పుడు బ్రాండ్ వాటా తీయండి. పేరు వాడుకున్నందుకు రాయల్టీ ఆరు శాతం, ప్రకటనల నిధి రెండు శాతం. కలిపి 48,000. దానిమీద జీఎస్టీ 18 శాతం, 8,640. మిగిలింది 13,860. ఇరవై లక్షల బ్యాంకు లోనుకు అయిదేళ్ల వాయిదా నెలకు నలభై వేల పైమాటే. పొద్దున పది నుంచి రాత్రి పదకొండు దాకా కౌంటర్లో కూర్చున్న కుర్రాడికి జీతం లేదు, పైపెచ్చు నెలనెలా వాళ్ల నాన్న పింఛను నుంచి ఎదురు పెట్టాలి.

ఇక్కడ చాలామంది చూసుకోని మెలిక ఒకటుంది. రాయల్టీ వసూలు చేసేది అమ్మకం మీద, లాభం మీద కాదు. మీరు నష్టపోయిన నెల కూడా కంపెనీకి పండగే. రెండోది జీఎస్టీ. రెస్టారెంట్లు కస్టమర్ దగ్గర అయిదు శాతమే వసూలు చేస్తాయి కాబట్టి, 2017 నవంబరు నుంచి వాటికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, అంటే కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు లేదు. రాయల్టీ మీద కట్టిన 18 శాతం, బాడుగ మీద పడే 18 శాతం వెనక్కి రావు, మీ ఖర్చులో కలిసిపోతాయి. పై లెక్కలో బాడుగ మీద జీఎస్టీ నేను అసలు కలపనే లేదు. ఆడిటరు దగ్గర కూర్చొని ఒక్క గంట మాట్లాడితే తెలిసే సంగతి ఇది. కానీ మనవాళ్లు ముందు ముహూర్తం పెట్టించుకొని, ఆడిటరు దగ్గరికి తర్వాత వెళ్తారు.

చికెన్ ధర వారానికోసారి మారుతుంది. మెనూ ధర మాత్రం హెడ్డాఫీసు చెప్పినప్పుడే మారాలి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో చికెన్ కొట్లవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుందిగా. సొంత షాపైతే ఆ వారం చేపలు వేపుకొని అమ్ముకుంటాడు. ఫ్రాంచైజీవాడు చేతులు కట్టుకొని కూర్చోవాలి. కరోనా ముచ్చట సరేసరి. 2020 మార్చి 20న దర్శనాలు ఆగితే మళ్లీ మొదలయ్యింది జూన్ రెండో వారంలో. అగ్రిమెంటులో 'కనీస రాయల్టీ' (అమ్మకం ఉన్నా లేకున్నా కట్టాల్సింది) అని ఒక వాక్యం ఉన్నవాళ్లకు ఆ మూడు నెలలు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోండి.

అగ్రిమెంటు అంటే గుర్తొచ్చింది. మా కుర్రాడు తెచ్చింది నలభై రెండు పేజీలు. వాడు చదివింది ఫీజుల పేజీ ఒక్కటే. నేను చదివిన వాటిలో మూడు విషయాలు చెబుతాను. ఒకటి, వాడికి ఇచ్చిన 'ఏరియా' రెండు కిలోమీటర్లు. కానీ ఆన్‌లైన్ ఆర్డర్లకు ఆ హద్దు వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది. రేపు అదే కంపెనీ మంగళంలోనో రేణిగుంట రోడ్డులోనో ఒక వంటగది పెట్టి, యాప్‌లో వీడి వీధికే పంపొచ్చు. రెండు, తగాదా వస్తే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు, గురుగ్రామ్‌లో. రైలు టికెట్లకూ లాయరుకూ అయ్యే ఖర్చు చూస్తే తగాదా పెట్టుకోకపోవడమే లాభం అనిపించేలా రాసిన వాక్యం అది. మూడు, మానేశాక మూడేళ్లు ఇదే రకం వ్యాపారం చేయకూడదట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఆంక్ష సాధారణంగా చెల్లదు. ఒప్పందం నడుస్తున్నంత కాలం మాత్రం చెల్లుతుందని 1995లో గుజరాత్ బాట్లింగ్ - కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లదని తెలిసీ ఎందుకు రాస్తారంటే, భయపడి ఊరుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి.

మనం చిన్నవాళ్లం కాబట్టి ఇలా, పెద్దవాళ్లకైతే ఇలా జరగదు అనుకోకండి. ఉత్తరాదిలో మెక్‌డొనాల్డ్స్‌ను నడిపిన విక్రమ్ బక్షీ, ఆ షాపులు నడిపే ఉమ్మడి కంపెనీలో సగం వాటాదారు. 2013లో ఆయన్ను ఎండీ పదవి నుంచి తప్పించారు. ఆయన ట్రిబ్యునల్‌కు వెళ్లి 2017లో గెలిచి మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. మరుసటి నెలలోనే మెక్‌డొనాల్డ్స్ ఏకంగా 169 షాపుల ఫ్రాంచైజీ రద్దు చేసింది. చివరికి 2019లో రాజీ పడి ఆయన వాటా అమ్ముకొని బయటికొచ్చారు. బోర్డు మీద పేరు ఎవరిదో షాపు వాడిదే.

ఫ్రాంచైజీలన్నీ మోసమా అంటే కాదు. వంట రానివాడికి పద్ధతి నేర్పుతారు, సరుకు టైముకు వస్తుంది, తెలిసిన పేరు చూసి బ్యాంకు మేనేజరు కూడా కాస్త మెత్తబడతాడు. ముందు తీసుకున్న 'తరుణ్' రకం ముద్రా లోను తీర్చేసినవాళ్లకు పరిమితి కూడా 2024 బడ్జెట్‌లో ఇరవై లక్షలకు పెంచారు. అమూల్ లాంటివాళ్లు అసలు రాయల్టీయే తీసుకోరు, కమీషన్ ఇస్తారు. పాల ప్యాకెట్ మీద రెండున్నర శాతం, ఐస్‌క్రీమ్ మీద ఇరవై. పాల కోసం వచ్చినవాడికి ఐస్‌క్రీమ్ అమ్మగలిగితే గిట్టుబాటు. సొంత బిల్డింగు, ఇంట్లో మనిషే గల్లాపెట్టె దగ్గర, అప్పు తక్కువ. ఈ మూడూ ఉన్నవాళ్లు బాగానే ఉన్నారు. కానీ ఈ మూడూ ఉన్నవాడు బ్రాండ్ లేకపోయినా బాగానే ఉండేవాడేమో అని నా అనుమానం.

నాకు అసలు కడుపు మండేది వేరే చోట. చీటీ వేస్తే దానికి 1982 చట్టం ఉంది. ఫ్లాటు కొంటే 2016 రెరా ఉంది. ఇన్సూరెన్స్ పాలసీ నచ్చకపోతే వెనక్కిచ్చే గడువు ఉంది. జీవితకాలం కూడబెట్టిన పాతిక లక్షలు తీసుకెళ్లి ఫ్రాంచైజీకి కడితే ఈ దేశంలో దానికంటూ ఒక్క చట్టం లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే, వ్యాపారం కోసం కొన్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివే కాదని అవతలి లాయరు వాదిస్తాడు. అమెరికాలో 1970ల చివరి నుంచే నిబంధన ఉంది. సంతకానికి లేదా డబ్బు కట్టడానికి కనీసం పద్నాలుగు రోజుల ముందు కంపెనీ 23 అంశాలతో ఒక పత్రం చేతికివ్వాలి. ఎన్ని షాపులు తెరిచారు, ఎన్ని మూశారు, మానేసినవాళ్లను ఎలా పట్టుకోవాలి, అన్నీ అందులో ఉండాలి. చైనాలో 2007 నుంచి, సొంతంగా కనీసం రెండు షాపులు ఏడాదికి పైగా నడిపినవాడే ఫ్రాంచైజీ అమ్మాలి. మన దగ్గర ఒక్క షాపు తెరిచి, రిబ్బన్ కట్ చేసిన వీడియో పెట్టి, మరుసటి వారం నుంచి జిల్లాకో ఫ్రాంచైజీ అమ్మేయొచ్చు. వాళ్ల అసలు వ్యాపారం చికెన్ కాదు, ఫ్రాంచైజీ ఫీజే.

ఢిల్లీ చేయాలి అని చేతులు దులుపుకోవడం కూడా కుదరదు. కాంట్రాక్టులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. రాష్ట్రం కూడా చట్టం చేయొచ్చు. 'ఒక కుటుంబం, ఒక పారిశ్రామికవేత్త' అంటున్న ప్రభుత్వం ఇది. ముఖ్యమంత్రిది ఈ నేలే, నారావారిపల్లె. 1992లో హెరిటేజ్ పెట్టిన మనిషికి పాల వ్యాపారంలో పైసా పైసా లెక్క తెలియదా? కుటుంబానికో పారిశ్రామికవేత్త కావాలంటే ముందు కుటుంబానికో బాధితుడు లేకుండా చూడాలి. సబ్సిడీ అక్కర్లేదు, టవర్లు అక్కర్లేదు. పద్నాలుగు రోజుల గడువు, మూతబడిన షాపుల జాబితా. రెండు పేజీల చట్టం చాలు.

అది వచ్చేలోపు మా కుర్రాడితో ఒక మెయిల్ రాయించాను. ఆంధ్రలో ఇప్పటిదాకా మూసేసిన షాపుల జాబితా, వాటి ఓనర్ల ఫోన్ నంబర్లు, నడుస్తున్న ఏ రెండు షాపులవైనా పన్నెండు నెలల జీఎస్టీ రిటర్నులు. అంతే అడిగాడు. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. అయిదో రోజు జవాబొచ్చింది. "సార్, ఆ వివరాలు కాన్ఫిడెన్షియల్. తిరుపతికి ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. ఈ ఆదివారంలోపు టోకెన్ అమౌంట్ కడితే ఫీజులో లక్ష తగ్గిస్తాం."