ఐబీ పిల్లలకు ఎలాంటి ట్యూషన్ కావాలి?

పిల్లలు పదకొండో తరగతిలో ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియేట్) డిప్లొమా అనే రెండేళ్ల కోర్సులో చేరగానే ఇక్కడి మన ఇళ్లలో ముందుగా వెతికేది లెక్కల ట్యూటర్‌నే. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, ఎంసెట్ రాసి అమెరికా వచ్చిన తరం మనది. ట్యూషన్ అంటే మనకు తెలిసింది బిట్లు, పాత పేపర్లు, వారం వారం టెస్టులు. పిల్లలకూ అదే పెట్టిస్తున్నాం. డబ్బు ఖర్చవుతోంది, ఆదివారాలు పోతున్నాయి. వాళ్లు నిజంగా తడబడేచోట మాత్రం సాయం అందడం లేదు. మన తెలుగు సంఘం పూనుకుంటే ఈ లోటు తీర్చవచ్చని నా గట్టి నమ్మకం.

ఐబీలో ఆరు సబ్జెక్టులు, వాటిలో కనీసం మూడు హయ్యర్ లెవెల్ (మరింత లోతుగా చదివేవి), మిగతావి స్టాండర్డ్ లెవెల్. ఒక్కోదానికి 7 పాయింట్ల చొప్పున 42. మిగతా 3 పాయింట్లు ఎక్స్‌టెండెడ్ ఎస్సే (సొంతంగా పరిశోధించి రాసే పెద్ద వ్యాసం), టీఓకే (థియరీ ఆఫ్ నాలెడ్జ్: మనకు తెలిసినది ఎలా తెలిసిందో చర్చించే కోర్సు) కలిపి వస్తాయి. మూడే కదా అని ఆ రెండింటినీ తేలిగ్గా తీసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. కానీ వాటిలో ఏ ఒక్కదానిలో ‘ఈ’ గ్రేడు వచ్చినా, మిగతా మార్కులు ఎంత బాగున్నా డిప్లొమా రాదు.

ఎస్సే గరిష్ఠంగా 4,000 మాటలు. ప్రశ్న విద్యార్థే ఎంచుకోవాలి. స్కూల్లో సూపర్‌వైజర్ ఇచ్చే సమయం మొత్తం మీద మూడు నుంచి ఐదు గంటలు. పూర్తి డ్రాఫ్టు మీద వ్యాఖ్యలు రాసేది ఒక్కసారే. పదహారేళ్ల పిల్లలకు ఇది కొత్త పని. ‘నీటి కాలుష్యం’ మీద రాస్తానని మొదలుపెట్టి రెండు నెలలు నెట్‌లో తిరుగుతారు. అప్పుడు పక్కన కూర్చుని అడిగే మనిషి కావాలి: ఏ వాగు నీళ్లు? అందులో ఏం కొలుస్తావు, దేనితో కొలుస్తావు? అనుకున్నదానికి ఉల్టా వస్తే ఏం రాస్తావు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే పిల్లల టెన్షన్ సగం తగ్గుతుంది. నా దృష్టిలో అసలైన ట్యూషన్ ఇదే.

లెక్కల్లో కూడా ఇంతే. ఐబీ లెక్కల కోర్సుల్లో ఒకటైన అనాలిసిస్ అండ్ అప్రోచెస్ హయ్యర్ లెవెల్ మూడో పేపర్లో రెండే పెద్ద ప్రశ్నలు. ఒక్కో మెట్టూ ఆలోచించుకుంటూ వెళ్లాలి. పైగా 20 శాతం మార్కులు పిల్లలు ఒక లెక్కల అంశం తీసుకుని సొంతంగా రాసే ఎక్స్‌ప్లొరేషన్‌కే. ఎన్ని బిట్లు చేయించినా ఆ రాత అలవడదు.

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. ట్యూటర్ గానీ, తల్లిదండ్రులు గానీ పిల్లల వాక్యాల మీద చెయ్యి వేయకూడదు. అది వాళ్ల సొంత పనేనని స్కూలు ధ్రువీకరించాలి, చివర్లో సూపర్‌వైజర్ ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడతారు. డబ్బు తీసుకుని రాసిచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లడమంటే పిల్లల రెండేళ్ల కష్టాన్ని పణంగా పెట్టడమే.

మన సంఘంలో డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు. అందరికంటే విలువైనవాళ్లు మాత్రం నిన్నమొన్న ఐబీ పూర్తిచేసి కాలేజీల్లో ఉన్న మన పిల్లలే. ఏ నెలలో ఏ పని మీద పడుతుందో వాళ్లకు తెలుసు. పన్నెండో తరగతి మొదట్లో కాలేజీ అప్లికేషన్లు, ఈ ఐబీ ఎస్సే, ఇంటర్నల్ అసెస్‌మెంట్లు (ఒక్కో సబ్జెక్టులో స్కూల్లోనే మార్కులు వేసే పనులు) అన్నీ ఒక్కసారే వస్తాయి. అందుకే ఆ ముందరి వేసవి సెలవులు కీలకం. వాళ్లు చిన్న పిల్లలతో కూర్చోవడానికి వారానికి ఒక పూట లైబ్రరీలో గది తీసుకుంటే చాలు. అంతా ఉచితంగా ఉండాలి, ఒక్క జీతంతో నడిచే ఇళ్లు మనలోనూ ఉన్నాయి.

ఇంకో మాట. ఐబీలో మాతృభాషా సాహిత్యాన్ని స్కూలు అనుమతితో స్టాండర్డ్ లెవెల్‌లో సొంతంగా చదువుకునే ఏర్పాటు ఉంది. మామూలు జాబితాలో లేని భాషకు స్కూలు ముందుగానే అభ్యర్థన పంపాలి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఈమధ్యే వచ్చి, తెలుగు చక్కగా చదవగల పిల్లలు దీని గురించి తప్పక కనుక్కోవాలి. తెలుగు, ఇంగ్లీషు రెండింటినీ సాహిత్య విభాగంలో చదివి నెగ్గితే బైలింగ్వల్ డిప్లొమా దక్కుతుంది. కథలు, కవిత్వం దగ్గరుండి చదివించేవాళ్లు స్కూల్లో దొరకరు. మన మధ్య మాత్రం దొరుకుతారు.

కార్యవర్గానికి నా విన్నపం ఇది: మే నెలలో పరీక్షలు రాసే మన పిల్లలు ఆగస్టులో కాలేజీలకు వెళ్లిపోతారు. ఆలోపే, జూన్, జూలైలలో, వాళ్లతోనే ఈ తరగతులు మొదలుపెట్టించండి.