బీరువాకు తాళం చాలు, కాగితం కాగితానికీ వద్దు

పెదనాన్న పోయిన నెలకు ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం, నేనూ పెద్దమ్మా. బీమా, బ్యాంకు, పింఛను అంటూ ఆయన దేనికదే ఫోల్డర్ పెట్టుకున్నారు. ఫైళ్ల పేర్లలో తేదీలు కూడా ఉన్నాయి. నొక్కితే మాత్రం ప్రతి ఫైలూ పాస్‌వర్డ్ అడుగుతోంది. పెద్దమ్మ చేతిలో పాత డైరీ, అందులో ఆయన రాసిపెట్టుకున్న పాస్‌వర్డ్‌లు. ‘‘ఇది సున్నానా, ఓ అక్షరమా? నువ్వే చూడు నాయనా’’ అంటూ కళ్లజోడు సర్దుకుని ఒక్కోటీ చదివింది. తెరుచుకున్న ఫైలును మూసి మళ్లీ తెరిస్తే మళ్లీ అదే ప్రశ్న. ఆ మధ్యాహ్నమంతా అదే పని.

పాస్‌వర్డ్ తెలిసిన పీడీఎఫ్ నుంచి దాన్ని శాశ్వతంగా తీసేయడం అర నిమిషం పని. పైసా ఖర్చు లేదు. అయినా చాలామంది ఆ పని చేయరు, చేసేవాళ్లు ఎక్కువమంది తప్పుడు చోట చేస్తారు. నా మాట సూటిగా చెబుతున్నాను. మీ ఫైలు మీ చేతికి వచ్చిన రోజే పాస్‌వర్డ్ తీసేయండి. ఆ పని మీ కంప్యూటర్‌లోనే చేయండి. ఫైలు ఇంటర్నెట్ గడప దాటకూడదు.

పీడీఎఫ్ పాస్‌వర్డ్ తీసే ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం వెతికితే మొదట ఎదురయ్యేవి వెబ్‌సైట్లు. ఫైలు ఇక్కడ వదలండి, పాస్‌వర్డ్ కొట్టండి, కొత్త ఫైలు తీసుకోండి అంటాయి. ఆ మూడు మెట్లలో మీరు ఏం చేశారో ఒకసారి ఆగి ఆలోచించండి. జీతం, ఖాతా నంబరు, చిరునామా, జబ్బు వివరాలు ఉన్న కాగితాన్నీ, దాని తాళం చెవినీ ఒకే చేత్తో ముక్కూమొహం తెలియనివాడికి అందించారు. గంటలో చెరిపేస్తామని ఆ పేజీలో రాసి ఉంటుంది. చెరిపారో లేదో చూసే దారి మీకు లేదు. అందులో నిజాయతీగా నడిచేవీ ఉన్నాయి, కానీ ఏది ఏదో బయటినుంచి తేల్చుకోలేం. అమెరికాలో ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో ఉచిత ఫైల్ కన్వర్టర్ సైట్ల గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. కొన్ని సైట్లు అడిగిన పని చేసిపెడుతూనే కంప్యూటర్‌లోకి మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) దించుతున్నాయనీ, ఎక్కించిన ఫైళ్లలోంచి వ్యక్తిగత వివరాలు లాగుతున్నాయనీ చెప్పింది.

మరి సొంత కంప్యూటర్‌లో దేంతో చేయాలి? నా ఓటు క్యూపీడీఎఫ్‌కు. జే బెర్కెన్‌బిల్ట్ రాసిన ఈ ప్రోగ్రాం ఉచితం. సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంది, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఒక్క లైను కమాండ్ చాలు. ప్రోగ్రాం పేరు, డీక్రిప్ట్ (తాళం తీయి) అనే ఆప్షన్, పాస్‌వర్డ్, పాత ఫైలు పేరు, కొత్త ఫైలు పేరు. ఎంటర్ కొడితే అయిపోయింది. ఒక ఫోల్డర్‌లో వంద ఫైళ్లు ఒకే పాస్‌వర్డ్‌తో ఉంటే చిన్న స్క్రిప్ట్‌తో వందా ఒక్క విడతలో తేలిపోతాయి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కమాండ్‌లో కొట్టిన పాస్‌వర్డ్ టెర్మినల్ (కమాండ్‌లు కొట్టే కిటికీ) చరిత్రలో మిగిలిపోవచ్చు. పాస్‌వర్డ్‌ను వేరే ఫైలులోంచి చదివించే ఏర్పాటు అందులోనే ఉంది, అది వాడుకోండి.

చాలామందికి తెలిసిన చిట్కా ఇంకొకటుంది. బ్రౌజర్‌లో ఫైలు తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, ప్రింట్‌లోకి వెళ్లి మళ్లీ పీడీఎఫ్‌గా సేవ్ చేయడం. ఒక పేజీ రసీదుకు అది చాలు. పెద్ద పత్రానికి చాలదు. ప్రింట్ అంటే పేజీ బొమ్మను మళ్లీ గీయడం. ఆ దారిలో బుక్‌మార్కులు పోతాయి, నింపుకునే ఫారం గళ్లు పోతాయి, చూపులేనివారికి పేజీని చదివి వినిపించడానికి పెట్టిన ట్యాగులూ పోవచ్చు. క్యూపీడీఎఫ్ అలా చేయదు. పాస్‌వర్డ్‌తో లోపలి సమాచారాన్ని విప్పి, ఉన్నది ఉన్నట్టుగా కొత్త ఫైలులో రాస్తుంది. అక్షరం మసకబారదు, ఫాంట్ మారదు. ఈ తేడా నాకు చాలా ముఖ్యం. మనం విప్పాలనుకున్నది తాళాన్ని, పత్రాన్ని పాడుచేయాలని కాదు కదా.

కమాండ్ అంటే జంకేవాళ్లకూ దారులున్నాయి. మ్యాక్‌లో ప్రివ్యూ ఉంది. తెరిచి, ఎన్‌క్రిప్ట్ (తాళం వేయి) టిక్ లేకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు. విండోస్, లినక్స్‌లలో పీడీఎఫ్ అరేంజర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లకు క్యూపీడీఎఫ్ మీదే కట్టిన పైక్‌పీడీఎఫ్ ఉంది. అడోబీ ఉచితంగా ఇచ్చే రీడర్ మాత్రం ఇక్కడ అక్కరకు రాదు. ఫైలు తెరుస్తుంది గానీ తాళం తీయాలంటే డబ్బు కట్టి కొనే అక్రోబాట్ దగ్గరికి వెళ్లమంటుంది. డిజిటల్ సంతకం ఉన్న పత్రమైతే అసలు ఫైలును తప్పకుండా దాచుకోండి. తాళం తీసి తిరగరాసిన కాపీలో సంతకం చెల్లదు.

తాళం తీస్తే భద్రత పోదా అని అడిగేవాళ్లుంటారు. ల్యాప్‌టాప్ పోవచ్చు, ఫైలు పొరపాటున వేరేవాళ్లకు వెళ్లవచ్చు. భయం నిజమైనదే. మందు మాత్రం వేరే ఉంది. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, ఎక్కడైనా నడిచే వెరాక్రిప్ట్ డిస్క్ మొత్తానికో, ఒక పెట్టెకో తాళం వేస్తాయి. బీరువాకు తాళం వేసుకుంటాం గానీ లోపలున్న కాగితం కాగితానికీ వేసుకోం. ఇక మెయిల్‌లో వేరేవాళ్లకు పంపేటప్పుడు కావాలంటే ఆ ఒక్క కాపీకి కొత్త తాళం వేయండి.

పైగా మనకు వచ్చే ఫైళ్ల మీది తాళం ఎంత గట్టిదో చూడండి. పాస్‌వర్డ్ పుట్టిన తేదీ అని అదే మెయిల్‌లో రాసి పంపుతారు. ఏడాదికి 365 రోజులు, వందేళ్లు కలిపితే 36,500 తేదీలు. మామూలు కంప్యూటర్ ఆ తేదీలన్నీ వరసపెట్టి ప్రయత్నించడానికి ఎంతోసేపు పట్టదు. లోపల 256 బిట్ల ఏఈఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్నా పాస్‌వర్డే ఇంత పలచగా ఉంటే ఏం లాభం? ఆ ఎన్‌క్రిప్షన్‌లోనూ లోపాలు బయటపడ్డాయి. 2019లో జర్మనీ పరిశోధకులు పీడీఎఫ్ ఎన్‌క్రిప్షన్ మీద దాడులు చేసి చూపించారు. వాళ్లు పరీక్షించిన 27 వ్యూయర్లలో (పీడీఎఫ్ తెరిచి చూపే ప్రోగ్రాంలలో) ఏదో ఒక దాడికి లొంగనిది ఒక్కటీ లేదు. నా దృష్టిలో ఈ తాళం పంపినవాడి బాధ్యత తీరడానికే పనికొస్తోంది. దాన్ని మోసే బరువు మనది.

పాస్‌వర్డ్ తీసే సాఫ్ట్‌వేర్ అనగానే దొంగపని అన్న ముద్ర ఒకటుంది. దానికి చరిత్ర ఉంది. 2001 జులైలో దిమిత్రి స్క్లయరోవ్ అనే రష్యన్ ప్రోగ్రామర్‌ను లాస్ వెగాస్‌లో అరెస్టు చేశారు. అడోబీ ఈ-పుస్తకాల మీది ఆంక్షలు తొలగించే ప్రోగ్రాం రాసిన ఎల్కమ్‌సాఫ్ట్ ఉద్యోగి ఆయన. కేసు చివరికి కంపెనీ మీద నడిచింది. 2002 డిసెంబరులో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. పీడీఎఫ్‌లో తాళాలు రెండు రకాలు. ఒకటి తెరవడానికి. రెండోది ప్రింట్, కాపీ లాంటివి ఆపడానికి. రెండోది నిజానికి తాళమే కాదు, ఒక విన్నపం. ఫైలు తెరుచుకున్నాక ఆ విన్నపాన్ని మన్నించడం వ్యూయర్ చేతిలో ఉంటుంది. ఇతరుల పాస్‌వర్డ్ ఛేదించడం, ఇతరుల ఆంక్షలు దాటడం వేరే చర్చ. నా ఫైలు, నాకు తెలిసిన పాస్‌వర్డ్, నా కంప్యూటర్. ఇందులో ఎవరి అనుమతి కావాలి?

నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న అసలు ఇది. మన కాగితాలు మన తర్వాత ఎవరు చదువుతారు? పత్రాలను ఏళ్ల తరబడి భద్రపరచడానికి పీడీఎఫ్‌లోనే ఒక ప్రత్యేక ప్రమాణం ఉంది, పీడీఎఫ్/ఏ. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దాన్ని 2005లో ప్రకటించింది. ఆ ప్రమాణంలో ఎన్‌క్రిప్షన్ నిషిద్ధం. పాస్‌వర్డ్ ఉన్న ఫైలు పీడీఎఫ్/ఏ కాజాలదు. ఎన్నో ఏళ్ల తర్వాత కూడా తెరుచుకోవాలి అన్న ఒక్క లక్ష్యంతో కూర్చున్నవాళ్లు మొదట పక్కన పెట్టినవాటిలో తాళం ఒకటి. మనం మాత్రం ఇంటి చరిత్ర మొత్తాన్ని తాళాల కింద పోగేస్తున్నాం. పాస్‌వర్డ్ మనిషి తలలో ఉంటుంది, ఫైలు డిస్క్‌లో ఉంటుంది. రెండూ ఒకేసారి పోవు. మనిషి ముందు పోతాడు. కాగితాల కాలంలో ట్రంకుపెట్టె తాళం పగలగొడితే లోపల అమ్మమ్మ దస్తావేజు దొరికేది. గట్టి పాస్‌వర్డ్ పెట్టిన ఫైలును పగలగొట్టే సుత్తి లేదు. కంప్యూటర్‌లో వెతుకులాట కూడా ఆ తాళం ముందే ఆగిపోతుంది. లోపల మీరు వెతికే పేరు ఉందో లేదో అది చెప్పజాలదు.

పెదనాన్న ఫైళ్లు మొత్తం 63. డైరీలోని పాస్‌వర్డ్‌లతో 61 తెరుచుకున్నాయి. వాటి తాళాలన్నీ తీసేసి, వెరాక్రిప్ట్ పెట్టె ఒకటి చేసి, అందులో పెట్టి, దాని ఒక్క పాస్‌వర్డ్‌నూ పెద్దమ్మ చేత పెద్ద అక్షరాల్లో రాయించాను. సున్నా నడుమ గీత కొట్టమన్నాను. మిగిలిన రెండింటిలో ఒకదాని పేరు ‘‘మీ పెద్దమ్మకు’’. ఆ పాస్‌వర్డ్ ఆయన డైరీలో రాయలేదు.