వాన చుక్కలు పడ్డ రాజ్యాంగం

కెనడా ఎప్పుడు దేశమైంది? 1867 జులై 1న అని ఒక్క ముక్కలో చెబితే సరిపోదు. ఆ రోజు ఒంటారియో, క్యూబెక్, నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ ఒక సమాఖ్యగా ఏర్పడిన మాట నిజమే. కానీ దానికి పునాది బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం. బ్రిటన్ చేసిన వెస్ట్‌మినిస్టర్ చట్టంతో సొంతంగా చట్టాలు చేసుకునే అధికారం దక్కడానికి 1931 దాకా, కెనడా పౌరసత్వం అనేది చట్టంలోకి రావడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది.

రాజ్యాంగాన్ని సవరించాలంటే మాత్రం ఆ తర్వాతా లండన్‌కే వెళ్లాల్సి వచ్చేది. ఇందులో బ్రిటన్ పేచీ ఏమీ లేదు. సవరణ పద్ధతి మీద ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వానికి, ప్రావిన్సులకు, అంటే అక్కడి రాష్ట్రాలకు, పొత్తు కుదరలేదు. వాటాలు తేల్చుకోలేని అన్నదమ్ములు ఇంటి దస్తావేజులు పాత యజమాని పెట్టెలోనే వదిలేసినట్టు అర్ధ శతాబ్దం గడిపారు.

1981 నవంబరులో ప్రధాని పియర్ ట్రూడో ప్రావిన్సుల ప్రీమియర్లతో, అంటే అక్కడి ముఖ్యమంత్రులతో, రాజ్యాంగాన్ని లండన్ నుంచి తెచ్చుకునే విషయమై బేరానికి కూర్చున్నారు. రాత్రికి రాత్రే ఒప్పందం తయారైంది. నది అవతల హల్‌లో బస చేసిన క్యూబెక్ ప్రీమియర్ రెనే లెవెక్‌కు తెల్లారాకే ఆ సంగతి తెలిసింది. ఆయన సంతకం చేయలేదు. క్యూబెక్ నేటికీ చేయలేదు. తర్వాతి రాజీ ప్రయత్నాలు రెండూ బెడిసికొట్టాయి. కెనడా నుంచి విడిపోవాలా అని 1995లో క్యూబెక్‌లో జరిగిన రెఫరెండంలో వద్దన్నవారు 50.58 శాతమే.

అదే ఒప్పందంలో ఆదివాసుల హక్కుల ప్రస్తావన తీసేశారు. 1960 వరకు చాలామందికి ఆదివాసులుగా తమ చట్టబద్ధ గుర్తింపు వదులుకుంటే తప్ప ఓటు దక్కని జనం వాళ్లు. ఏడాది ముందే వాంకూవర్ నుంచి రైళ్లెక్కి ఒట్టావా దాకా వచ్చి మొరపెట్టుకున్నారు. నిరసనలు చెలరేగాక హక్కులను తిరిగి చేర్చారు గానీ, ముందు 'ఇప్పటికే ఉన్న' అనే మాట తగిలించారు. ఆ ఒక్క మాట మీద కోర్టుల్లో ఎంత వాదన నడిచిందో! కెనడా జాతి నిర్మాణంలో జెండా పండుగల కంటే ఈ పోరాటానికే పెద్దపీట వేయాలని మా అభిప్రాయం.

చివరికి రాజ్యాంగం కెనడా చేతికి వచ్చింది. 1982 ఏప్రిల్ 17న ఒట్టావాలో ఎలిజబెత్ రాణి సంతకం పెట్టిన ఆ ప్రకటన పత్రంపై వాన చుక్కలు పడి సిరా అలుక్కుపోయింది. టొరంటోలోనో బ్రాంప్టన్‌లోనో స్థిరపడి పౌరసత్వం తీసుకునే మన తెలుగువాళ్లు ఇప్పుడు చార్లెస్ రాజుకు విధేయత చెబుతూనే, ఆదివాసుల హక్కులను గుర్తించిన రాజ్యాంగాన్ని పాటిస్తామనీ ప్రమాణం చేస్తారు. ప్రమాణంలో ఆదివాసుల ప్రస్తావన చేరింది 2021లో.