సవరణ: గోధుమరంగు దుమ్ములగొండి కుక్క జాతి కాదు

మొన్నటి పోస్టులో గోధుమరంగు దుమ్ములగొండి కుక్కల కుటుంబానికి చెందిందని, గుంపుగా వేటాడుతుందని రాశాను. రెండూ తప్పే, క్షమించండి.

చూడ్డానికి కుక్కలా ఉన్నా, దుమ్ములగొండులది వేరే కుటుంబం, బంధుత్వం చూస్తే పిల్లులకూ ముంగిసలకూ దగ్గర. గుంపుగా వేటాడేది మచ్చల దుమ్ములగొండి. నమీబియా, బోట్స్వానా, దక్షిణాఫ్రికాల్లో బతికే ఈ గోధుమరంగుది గుంపుకు చెందినదే అయినా, తిండికి మాత్రం రాత్రిపూట ఒంటరిగా మైళ్లకొద్దీ తిరుగుతుంది, ఎక్కువగా చచ్చిన జంతువుల్నే తింటుంది, కలహారి ఎడారిలో నీటి కోసం అడవి పుచ్చకాయలు కూడా కొరుక్కుతింటుంది. నమీబ్ తీరంలో మాత్రం సీల్ అనే సముద్ర జంతువుల పిల్లల్ని చంపి తింటుంది.

నాకు బాగా నచ్చేది దాని వాసన గుర్తు. గడ్డిపోచ మీద తన ఒంట్లోంచి వచ్చే తెల్లటి ముద్ద ఒకటి, దాని పైన నల్లటిది ఇంకొకటి పూస్తుంది. తెల్లది చాలా రోజులుంటుంది, నల్లదాని వాసన కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది కాబట్టి, ఇక్కడ ఇప్పుడే ఒకరు తిండి వెతికి వెళ్లారని తర్వాత వచ్చేదానికి తెలుస్తుందన్నమాట.

మన తెలుగు రాష్ట్రాల్లో ఉన్నది చారల దుమ్ములగొండి, అది వేరే జాతి. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా పంపండి.